ఊరి కొండకు నిప్పంటకుండా వేసవికి ముందే ప్రణాళిక వేసుకోవడం ఎలా?

"మా ఊరి వెనక కొండ ఏటా కాలుతోంది. ఫోన్ చేస్తే ఫారెస్టు వాళ్లు వస్తారు, ఆర్పుతారు, వెళ్తారు. మళ్లీ ఏడాదికి అదే వరస. మేమేం చేయగలం?" కొండపల్లి చుట్టుపక్కల నుంచి, కొండవీడు కింది ఊళ్ల నుంచి, మంగళగిరి, తాడేపల్లి కొండవాలు కాలనీల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అడిగేది కూడా ఏప్రిల్, మే నెలల్లోనే. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ. ఈ పని సంక్రాంతికి ముందు మొదలు కావాలి.

ఎండ మన చేతిలో లేదు, గాలి లేదు. నిప్పు ఎవరు ఎప్పుడు పడేస్తారో తెలీదు. మన చేతిలో ఉన్నదల్లా కాలే సరుకు: ఎండుగడ్డి, రాలిన ఆకు, కంప. అది కూడా కొండంతా తీయలేం, తీయకూడదు కూడా. మనుషుల చేయి తగిలే అంచుల్లో తీస్తే చాలు. రోడ్డు పక్క, కాలిబాట, గుడి మెట్లు, చేను గట్టు, చెత్త దిబ్బ, మన దగ్గర మంటలు ఎక్కువగా మొదలయ్యేది ఇలాంటి చోట్లనే.

ఇది వన సంరక్షణ సమితి సభ్యులకు, సర్పంచులకు, సచివాలయ సిబ్బందికి, కొండ పక్క కాలనీ సంఘాలకు పనికొచ్చేలా రాశాను.

ముందుగా ఒక హెచ్చరిక

రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. మంచి ఉద్దేశంతో, మంటను అడ్డుకుందామనే పెట్టినా సరే. గడ్డి కోయడానికి, కంప కొట్టడానికి కూడా రేంజి ఆఫీసరు అనుమతి కావాలి. అనుమతి కాగితం చేతిలో లేకుండా ఒక్క కొమ్మ కూడా కొట్టకండి.

ఏమేం కావాలి

గ్రామ సర్వేయరు దగ్గర దొరికే ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల హద్దులు, కొలతలు చూపే పటం) నకలు. బీట్ ఆఫీసరు (మీ ప్రాంతపు అడవిని చూసే ఫారెస్టు ఉద్యోగి) దగ్గరుండే ఫారెస్టు హద్దు మ్యాపు. జీపీఎస్ ఉన్న ఫోను, కొలత టేపు, చిన్న తూకం, 1 మీటరు పొడవు కర్రలు నాలుగు. పనికి కొడవళ్లు, గొడ్డళ్లు, పారలు, పలుగులు, ఆకులు లాగే దంతెలు. కుదిరితే ఒక ఆకు బ్లోయరు (ఆకులను గాలితో ఊదే యంత్రం). వేసుకోవడానికి నూలు బట్టలు, మూసిన బూట్లు. పాలియెస్టరు చొక్కాతో మంట దగ్గరికి ఎవరినీ పంపకండి, వేడికి కరిగి ఒంటికి అంటుకుంటుంది.

1. కొండ ఎవరిదో తేల్చుకోండి

చూడ్డానికి ఒకే కొండ. కాగితాల్లో నలుగురైదుగురిది. పైన రిజర్వు ఫారెస్టు, కింద రెవెన్యూ పోరంబోకు, మధ్యలో దేవస్థానం భూమి, కోట ఉంటే పురావస్తు శాఖది, కాలనీ వైపు పంచాయతీదో నగరపాలక సంస్థదో. పైనుంచి హై టెన్షన్ తీగలు పోతే ఆ దారి కింద కొమ్మల కటింగు ట్రాన్స్‌కో చేయాలి, మీరు కాదు. పొగ దట్టంగా లేచినప్పుడు తీగల నుంచి నేలకు కరెంటు దూకే ప్రమాదం ఉంది. తీగల కింద నిప్పు, పని రెండూ వద్దు.

ఎఫ్‌ఎంబీ మీద రంగు పెన్సిళ్లతో ఎవరి భూమిని వాళ్ల రంగుతో నింపండి. ఒక్కో రంగుకు ఎదురుగా ఆఫీసరు హోదా, ఆఫీసు ఫోను రాయండి. అనుమానం ఉన్నచోట బీట్ ఆఫీసరును, సర్వేయరును ఒకే రోజు పిలిచి హద్దు రాళ్ల వెంట నడవండి. ఇద్దరినీ వేర్వేరు రోజుల్లో తీసుకెళ్తే "అది మాది కాదు" అన్న మాటే రెండుసార్లు వింటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కాబట్టి పాత కాగితాలు నమ్ముకోకండి. కొండవీడు ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది, కొండపల్లి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. అర్జీ తప్పు జిల్లాకు పెడితే నెల పోతుంది.

2. ఇంతకుముందు ఎక్కడ కాలిందో గీయండి

దీనికి రెండు దారులున్నాయి, రెండూ కావాలి. మొదటిది మనుషులు. మేకలు, గొర్రెలు కాసేవాళ్లను, కట్టెలకు వెళ్లే ఆడవాళ్లను, గుడి పూజారిని కూర్చోబెట్టి అడగండి. "ఎవరు పెట్టారు?" అని మొదలుపెడితే నోరు విప్పరు. "ఎటువైపు నుంచి లేచింది? ఏ వేళప్పుడు? ఎక్కడ ఆగింది?" అని అడగండి. ఎక్కడ ఆగిందో అన్నదే అన్నిటికన్నా విలువైన సమాధానం. అక్కడ ఒక బండ పరుపో, వాగో, పాత బండ్ల బాటో ఉండి ఉంటుంది. మీ ఫైర్ లైన్ (మంట దాటకుండా గడ్డి, ఆకు తీసేసిన పట్టీ) దాన్ని పట్టుకునే పోవాలి.

రెండోది ఉపగ్రహాలు. నాసా వారి ఫర్మ్స్ వెబ్‌సైటులో 2012 నుంచి విఐఐఆర్‌ఎస్ అనే పరికరం పట్టిన మంటల బిందువులు ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో బిందువు సుమారు 375 మీటర్ల గడి, అంటే మంట ఆ గడిలో ఎక్కడైనా ఉండొచ్చు. వరి కొయ్యకాళ్లు తగలబెట్టినా బిందువు పడుతుంది, ఫ్యాక్టరీ వేడికీ పడొచ్చు. కొండ హద్దు లోపల ఉన్నవే లెక్కలోకి తీసుకోండి. ఇంకో సంగతి: ఈ ఉపగ్రహాలు మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో. సాయంత్రం నాలుగింటికి లేచి తొమ్మిదికి ఆరిపోయిన మంట వాటికి కనపడదు. అందుకే "బిందువు లేదు కాబట్టి కాలలేదు" అనుకోకూడదు.

మ్యాపు పట్టుకున్న రోజే డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ వారి వన అగ్ని పోర్టల్‌లో మీ ఫోను నంబరు నమోదు చేసుకోండి. మీ ప్రాంతపు అడవిలో మంట కనబడితే ఉచితంగా ఎస్‌ఎంఎస్ వస్తుంది. ఊళ్లో కనీసం ముగ్గురు నమోదు కావాలి.

3. ఏం కాలుతుందో కొలిచి చూడండి

కంటికి దట్టంగా కనిపించేదల్లా ప్రమాదం కాదు. పచ్చగా ఉన్న పొద కన్నా మోకాలెత్తు ఎండుగడ్డి ఎన్నో రెట్లు వేగంగా మంటను మోసుకెళ్తుంది. సరుకును ఇలా విడదీయండి:

పెన్సిలు మందం లోపు (6 మిల్లీమీటర్లు): గడ్డి, ఆకు, సన్న పుల్ల. ముందు అంటుకునేది ఇదే. గాలిలో తేమ మారితే గంటలోనే ఎండుతుంది, గంటలోనే మెత్తబడుతుంది. పొద్దున మంచుకు తడిసిన గడ్డి పదకొండింటికల్లా భగ్గుమనేది అందుకే.
బొటనవేలు మందం (25 మిల్లీమీటర్ల దాకా), మణికట్టు మందం (75 మిల్లీమీటర్ల దాకా): మంటను నిలబెట్టేవి.
అంతకన్నా లావు దుంగలు: ఒంటరిగా ఉంటే మంటను పరుగెత్తించవు. అడవి లోపల పడి ఉన్న పెద్ద మానును కదపకండి. పాములకు, తొండలకు, పురుగులకు అది ఇల్లు.

కర్రలు నాలుగూ చదరంగా పరిచి, లోపలున్న ఎండు సరుకంతా ఏరి, రెండు రోజులు ఎండలో పెట్టి తూయండి. చదరపు మీటరుకు 400 గ్రాములు వస్తే హెక్టారుకు 4 టన్నులన్నమాట. ఇలా కొండ అంచులో ఒక్కో భాగంలో పదిచోట్లయినా చూడాలి. బాగా కనపడినచోటే కర్రలు వేయకండి. ముప్ఫై అడుగులు నడిచి, కాలు ఎక్కడ ఆగితే అక్కడ వేయండి.

నిలువున చూడటం కూడా అవసరం. కింద గడ్డి, మీద లాంటానా పొద, ఆ పైన చెట్టు కొమ్మ ఒకదానికొకటి తగులుతూ ఉంటే మంట నేల మీద ఆగకుండా పైకెక్కుతుంది. మన ప్రాంతంలో దీనికి పెద్ద ఉదాహరణ తాటిచెట్టు. ఏళ్ల తరబడి మట్టలు కొట్టని తాడికి ఎండాకు పాదం దాకా వేలాడుతుంది. అంటుకుంటే నిలువెల్లా మండి, గాలికి తాటాకు నిప్పురవ్వలు రోడ్డు దాటి ఎగిరి పడతాయి. అంచుల్లో ఉన్న తాటిచెట్లను లెక్క రాసుకోండి.

4. ముందు ఎక్కడ పని చేయాలో ఎంచండి

మ్యాపును ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకు మూడు ప్రశ్నలు వేయండి. ఇక్కడ నిప్పు పడే అవకాశం ఎంత? పడితే ఎంత వేగంగా పాకుతుంది? పాకితే పోయేదేంటి? ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. మొత్తం 7 దాటినవి ఈ ఏడాది పని, మిగతావి వచ్చే ఏడాదికి.

వేగం మార్కు వేసేటప్పుడు వాలు చూడండి. మంట కొండ పైకి పాకేటప్పుడు వాలు 10 డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపు అవుతుందని లెక్క. ఇరుకైన వాగు కోతల్లో గాలి పైకి లాగుతుంది, అక్కడ మూడుకు మూడు వేయండి. గుంటూరు వైపు ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో పడమటి వడగాలి, సాయంత్రానికి తిరిగే సముద్రపు గాలి, రెండిటినీ లెక్కలోకి తీసుకోండి. పగలు ఊరికి దూరంగా పోతున్న మంట సాయంత్రం ఊరివైపు తిరిగేది ఆ గాలి మార్పుతోనే.

పోయేదేంటి అన్నచోట ఇళ్లు, పశువుల పాకలు మాత్రమే రాయకండి. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో తయారవుతుంది. ఆ చెట్టు ఇప్పటికే కొరతగా ఉంది. పొణికి మొలకలున్న వాలు ఒక్కసారి కాలితే బొమ్మ చెక్కేవాళ్ల రేపటి కర్ర పోయినట్టే. కొండవీటి సీతాఫలం చెట్లు, నేల మీద గూడు పెట్టే పిట్టలు, మూలపాడు సీతాకోకచిలుకలు బతికే పొదలు కూడా ఆ వరుసలో ఉండాలి.

5. పని ఎలా చేయాలి

గడ్డి కోసి ఇవ్వడం. నా దృష్టిలో అన్నిటికన్నా మంచి పని ఇదే. నవంబరు, డిసెంబరుల్లో గడ్డి పూర్తిగా ఎండకముందే రోడ్డుకు, బాటకు రెండు పక్కలా కోయించి మేతకు పశువులున్న వాళ్లకు ఇచ్చేయండి. రేంజి ఆఫీసరు అనుమతితో, కోసుకెళ్లే షరతు మీద. కాలే సరుకు తగ్గుతుంది, పశువుకు తిండి దొరుకుతుంది. కొత్త చిగురు కోసం నిప్పు పెట్టే అవసరమూ తగ్గుతుంది. కాపరులను దొంగల్లా చూసే ఊళ్లో ఏ ప్రణాళికా నిలవదు. కమిటీలో వాళ్ల మనిషి ఒకరు ఉండి తీరాలి.

ఫైర్ లైన్. గడ్డి, ఆకు, వేళ్లు తీసేసి మట్టి కనిపించేలా చేసిన పట్టీ. వెడల్పు అక్కడ లేచే మంట పొడవుకు రెండింతలకు తగ్గకూడదు. మోకాలెత్తు గడ్డి ఉన్నచోట 3 మీటర్ల కన్నా తక్కువ చేయకండి, ఎత్తు గడ్డి, పొదలు ఉంటే ఇంకా పెంచాలి. వేయాల్సింది శిఖరం గట్టు మీదో, కొండ పాదంలోనో. వాలు మధ్యలో వేస్తే పైనుంచి దొర్లిన నిప్పు దుంగ దాన్ని దాటేస్తుంది. నిట్టనిలువుగా వేస్తే మొదటి వానకే కోసుకుపోయి వాగవుతుంది. ఉపాధి పనుల్లో కందకాలు తవ్వే ప్రతిపాదన ఉంటే, వాటిని లైను పక్కనే వచ్చేలా అడగండి.

లాగేసిన ఆకు చెట్ల మొదట్లో కుప్ప పోయకండి. ఆ కుప్ప అంటుకుంటే చెట్టు వేరుదాకా ఉడికిపోతుంది. లోపలివైపు పలచగా చల్లండి, లేదా గుంటల్లో ఎరువుకు వేయండి.

కంప తీయడం. సర్కారు తుమ్మను పైపైన కొడితే మోడు నుంచి నాలుగు రెట్లు చిగురు వస్తుంది. వేరు మొదలు పలుగుతో పెకలించాలి. లాంటానాకు ఒక పద్ధతి ఉంది: నేల మట్టానికి మూడు నాలుగు సెంటీమీటర్ల కింద తల్లివేరు నరికి, పొదను తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. కాయ పండకముందే చేయాలి, లేకపోతే గింజ మీరే చల్లినట్టు. ఖాళీ అయిన నేలలో తొలకరికి స్థానిక గడ్డి గింజలు వేయకపోతే లాంటానానే తిరిగి వస్తుంది. ఎండిన కంపను అక్కడే వదలొద్దు, ఫారెస్టు వాళ్ల సమ్మతితో వంటచెరకుకు తరలించండి.

ముందస్తు మంట. అంటే ఎండు సరుకును వేసవికి ముందే అదుపులో కాల్చేయడం. ఇది అటవీ శాఖ మాత్రమే చేయాల్సిన పని, మీరు అడగగలిగిన పని. అడిగేటప్పుడు, చేసేటప్పుడు ఇవి చూడండి: జనవరిలోగా, పొద్దున మంచు పూర్తిగా ఆరకముందు, గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు. పైనుంచి కిందికి, గాలికి ఎదురుగా, సన్నని పట్టీలుగా కాల్చాలి. అయిపోయాక పిడకలు, తాటి మోళ్లు, చచ్చిన చెట్టు తొర్రలు ఒక్కొక్కటీ చూడాలి. పైకి పొగ లేకపోయినా లోపల గంటల తరబడి రగిలేవి అవే. చేతి వెనక భాగం దగ్గరగా పెట్టి వేడి చూసి, మట్టి కప్పి, నీళ్లు పోసి, మళ్లీ చూడాలి.

6. తేదీలు వేయండి

అక్టోబరు, నవంబరు: హద్దులు, మ్యాపు, అనుమతుల అర్జీలు. కార్తీక వనభోజనాల వంట పొయ్యిలు ఎక్కడెక్కడ పెడుతున్నారో అప్పుడే చూసుకోండి. ఆ నెలలో గడ్డి పచ్చగానే ఉంటుంది కానీ, జనానికి అలవాటైన చోటు అదే.
డిసెంబరు, జనవరి: గడ్డి కోత, కంప, ఫైర్ లైన్లు, శాఖ వాళ్ల ముందస్తు మంట.
ఫిబ్రవరి: గుణదల మేరీమాత ఉత్సవాలు, ఆ తర్వాత శివరాత్రి, కోటప్పకొండ తిరునాళ్ల. మీ కొండకు ఇలాంటి జాతర ఉంటే వారం ముందు బాటల పక్క మరోసారి శుభ్రం చేయండి. వంటకు మట్టి నేల చూపించండి, నీళ్ల డ్రమ్ములు పెట్టండి.
మార్చి: లైన్లు మళ్లీ ఊడ్వాలి. ఇది ఎక్కువమంది మరిచేది. మన కొండలవి ఆకురాల్చే అడవులు. జనవరిలో అద్దంలా చేసిన లైను మార్చి నెలాఖరుకు ఆకుతో నిండిపోతుంది. బ్లోయరు ఖర్చుకు తగ్గ పని ఇక్కడే చేస్తుంది.
ఏప్రిల్ నుంచి తొలకరి దాకా: కాపలా మాత్రమే. కొత్తగా నరకడం, కాల్చడం వద్దు.

7. ఇళ్ల అంచు

అమెరికా అటవీ శాఖలో పనిచేసిన జాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త చెప్పిన ముఖ్యమైన మాట ఒకటుంది: అడవి మంటల్లో ఇళ్లు చాలావరకు పెద్ద మంట ముంచెత్తి కాలవు, ఎగిరొచ్చిన రవ్వలు ఇంటి చుట్టూ ఉన్న సరుకును అంటించడం వల్ల కాలతాయి. ఇంటి నుంచి 30 మీటర్ల లోపు సరుకే ఆ ఇంటి గతి తేలుస్తుంది. మనకూ అదే వర్తిస్తుంది.

గోడకు ఆనుకుని మీటరున్నర దాకా కాలేదేదీ ఉండకూడదు: కట్టెల మోపు, పిడకలు, పాత టైర్లు, ప్లాస్టిక్ పైపులు. 10 మీటర్ల దాకా గడ్డి పొట్టిగా ఉండాలి. గడ్డివాము, పత్తి కంప వాము కొండ వైపు వేయకండి, ఊరి వైపుకు మార్చండి, వాముకూ ఇంటికీ కనీసం 10 మీటర్ల ఎడం. తాటాకు పాక ఉంటే నిండు నీళ్ల తొట్టి, నిచ్చెన పక్కనే ఉండాలి.

చెత్త తగలబెట్టడం ఆపించండి. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 రూపాయలు జరిమానా అని తేల్చింది. కొండ పాదంలో చెత్త పోసే అలవాటు ఉంటే ఆ దిబ్బను తీయించడం వంద మీటర్ల ఫైర్ లైన్ కన్నా ముందు పని.

8. మంట లేచిన రోజు ఎవరేం చేయాలి

ఒక కాగితం మీద రాసి సచివాలయం గోడకు, గుడి దగ్గర, పాల కేంద్రం దగ్గర అంటించండి. ముందు ఫోను: అగ్నిమాపక శాఖ 101, లేదా 112, తర్వాత బీట్ ఆఫీసరు. చెప్పాల్సింది మూడు మాటలు: కొండలో ఏ చోటు, మంట ఎటు పోతోంది, దారి ఎటు నుంచి.

ఊరివాళ్లు వెళ్లేది ఫారెస్టు సిబ్బంది అడిగితేనే, వాళ్లతోనే. పచ్చి కొమ్మలతో అంచు మీద చిన్న మంటను మాత్రమే కొట్టాలి, నడుమెత్తు దాటిన మంట దగ్గరికి పోవద్దు. మంటకు పై వాలులో ఎప్పుడూ నిలబడకండి. వాగు కోతలో దిగకండి. ఒకరిని దూరంగా ఎత్తు మీద నిలబెట్టి గాలి మారితే ఈల వేయమనండి. తప్పించుకోవాల్సి వస్తే ఇప్పటికే కాలి చల్లారిన నల్లనేల మీదికి పోవాలి, పైకి పరుగెత్తకూడదు. పిల్లలను, ఉబ్బసం ఉన్నవాళ్లను అసలు తీసుకెళ్లొద్దు.

తరచూ జరిగే పొరపాట్లు

గడ్డిమందు కొట్టడం. చేలో అలవాటే కాబట్టి చేయాలనిపిస్తుంది. మందుకు గడ్డి చస్తుంది కానీ మాయం కాదు, నిలువునా ఎండి ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది.

పచ్చని అడ్డం కోసం యూకలిప్టస్ పెట్టడం. దాని ఆకులో నూనె ఉంది, రాలిన బెరడు కూడా మండుతుంది. కంచె వెంట కావాలంటే కలబంద, కిత్తనార లాంటి రసం ఉన్న మొక్కలు మేలు, అవీ అడవి లోపల కాదు.

"30-30-30" సూత్రాన్ని ఉన్నదున్నట్టు వాడటం. వేడి 30 డిగ్రీలు దాటి, తేమ 30 శాతం లోపు పడి, గాలి గంటకు 30 కిలోమీటర్లు దాటితే ప్రమాదమని బయటి దేశాల్లో చెబుతారు. బెజవాడలో వేడి 30 దాటని వేసవి రోజంటూ దాదాపు ఉండదు. ఇక్కడ తేమను, గాలిని చూడండి. ఫోనులో తేమ 30 శాతం లోపు చూపించి, తాటాకులు గలగలలాడుతుంటే ఆ రోజు కాపలా పెంచండి.

కొండంతా ఊడ్చేయడం. ఆకు పొర పోతే వాన నీరు ఇంకదు, మట్టి జారుతుంది. అంచు దాటి లోపలికి పోవద్దు.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఫైర్ లైన్ మీద ఏప్రిల్ మొదటి వారంలో నడవండి. వంద అడుగులు వేస్తే, కాలి కింద మట్టి కాకుండా ఆకు తగిలిన అడుగులు పదికి మించితే లైను పనికిరాదు, ఆ వారమే ఊడ్చాలి. వంతెనలా పడిన ఒక్క ఎండుకొమ్మ కూడా మంటను దాటిస్తుంది కాబట్టి లెక్కతో పాటు కన్నూ కావాలి.

కోత కోసిన ముక్కలో అవే నాలుగు కర్రలతో మళ్లీ తూయండి. ముందు 400 గ్రాములు ఉన్నచోట సగం కూడా తగ్గకపోతే కోసింది సరిపోలేదు, లేదా కోసింది అక్కడే వదిలేశారు.

ఫొటోలు: గుర్తు పెట్టిన రాయి మీద నిలబడి, ఏటా అదే వారంలో, అదే దిక్కుకు. ఫొటో తీసే చోటు మారితే పోల్చడానికి ఏమీ మిగలదు.

జూన్‌లో వాన పడకముందు యూరప్ వారి కోపర్నికస్ బ్రౌజరు అనే వెబ్‌సైటులో సెంటినల్-2 ఉపగ్రహ చిత్రాలు చూడండి. ఐదు రోజులకోసారి కొత్తది వస్తుంది, ఉచితం. కాలిన మేర ముదురు మచ్చగా తెలుస్తుంది. ఆ మచ్చను మీ మ్యాపు మీద గీసి, మంట ఏ లైను దగ్గర ఆగింది, ఏ లైను దాటింది చూడండి. ఆగినచోట వెడల్పు ఎంతో, దాటినచోట ఎంతో టేపుతో కొలిచి రాయండి. అక్టోబరులో ఫైర్ లైన్ల వెడల్పులు వేసేటప్పుడు ఎదురుగా పెట్టుకోవాల్సిన కాగితం అదే. దాని నకలు ఒకటి బీట్ ఆఫీసరుకు ఇవ్వండి, బదిలీ మీద కొత్తవాళ్లు వచ్చినప్పుడు వాళ్లకూ మళ్లీ ఇవ్వండి.